ఒకటిన్నర జత

ఆమదాలవలస స్టేషన్‌లో పార్సిల్ దిగిన వారం
మా ఇంట్లో పులుసు పలచబడుతుంది.
చుట్ట విప్పి అయ్య ముందు వాసన చూస్తాడు,
వెలుగుకెత్తి చూస్తాడు,
బిల్లు ఆఖర్న చూస్తాడు.
ఇరవై చదరపు అడుగులు. అడుగు నూట నలభై.
ఆటోవాడికి వేరే.

అడుగంటారు గానీ అన్ని అడుగులూ ఒకటి కావు.
వీపు తోలు మాట నిలబెట్టుకుంటుంది,
పొట్ట తోలు సాగిపోతుంది, మెడ దగ్గర ముడతలు.
ముల్లు గీరిన చోట రంపె పక్కకి తప్పుకుంటుంది.
బతికున్న రోజుల్లో ఆ గొడ్డు ఎవరి కంచె దూరిందో
ఆ అపరాధం మేం కడతాం.

తాత కాలంలో తోలు కొనడమే లేదట.
చచ్చిన గొడ్డు, తంగేడు చెక్క, సున్నం గోలెం,
కళ్ళంలో అందరూ కొలిచాక మిగిలిన గింజలు.
ఆ గోలేనికి ముక్కు మూసుకున్న ఊరే
ఆ చెప్పులకి కాళ్ళు చాపింది.
గోలెం పగలగొట్టి అయ్య
ఏడు రోడ్ల దగ్గర బల్ల వేసుకున్నాడు.
ఇప్పుడు నా ఫోనులోంచి డబ్బు ఆంబూరు వెళ్తుంది,
వాసన లేని తోలు వెనక్కి వస్తుంది.

ఇంటర్లో కామర్స్ చదివిన పాపానికి ఖాతా నాది.
జతకి తోలు మూడొందల యాభై,
అట్ట తొంభై, బంకా దారం మైనం ముప్పై.
అమ్మేది ఏడొందలకి.
మిగిలిన రెండొందల ముప్పై పక్కన
'కూలి' అని రాసి ఆగిపోతాను.
"ఇటుకలు మోసినోడికి రోజుకి ఆరొందలయ్యా."
"ఆడికి ఎండ, నాకు నీడ" అంటాడు ఆరె గుచ్చుతూ.
ఆ నీడకి మునిసిపాలిటీవాడు
పొద్దున్నే ఇరవై ఆశీలు పట్టుకుపోతాడు.

బేరమాడే మేస్టార్లకి ఇదంతా చెప్పం.
"షాపులో మూడొందలకే" అంటారు.
తొలకరి పడ్డాక ఆ మూడొందలే
పట్టీ తెగి మా బల్ల మీదికి వస్తాయి.
కుట్టుకి పది, మేకుకి ఐదు.
మా అద్దె కట్టేది వాళ్ళ చవక.

మొన్న కళింగపట్నం నించి ఎర్రమ్మొచ్చింది,
ఎండుచేపల గంప దించి
చీర కుచ్చెళ్ళు కొంచెం ఎత్తింది.
ఎడమది బోదకాలు.
యాభై ఏళ్ళుగా ఏ కంపెనీ అచ్చులోనూ పట్టని పాదం.
"సేత్తావేటి?"
అయ్య పేపరు పరిచాడు, పెన్సిలు తీశాడు, మళ్ళీ పెట్టేశాడు.
"ఇప్పుడొద్దమ్మా. సేపలమ్మీసి సాయంత్రం రా.
పొద్దుటి కాలొకటీ, సందేళ కాలొకటీ."
ఆమె అతన్ని అప్పుడు సరిగ్గా చూసింది.

సాయంత్రం కొలత. రెండు రోజుల పని.
రాపిడి లేకుండా లోపల మెత్తటి మేకతోలు,
మడమకి అటూ ఇటూ రెండు బకిల్సు,
వాపుని బట్టి జరుపుకోడానికి తొమ్మిది బెజ్జాలు.
ఒకటిన్నర జత సరుకు మింగింది.
మేకతోలు అయ్య నాకు చెప్పకుండా పాత పెట్టెలోంచి తీశాడు,
అది కలపకుండానే ఖర్చు ఏడొందల ఐదు.

"ఎంత?"
నేను నోరు తెరిచేలోగా
"అందరికీ ఎంతో నాకూ అంతే" అంది,
"కాలు పెరిగినాదని రేటు పెంచుతావేటి?"
అయ్య నవ్వాడు. ఏడొందలు లెక్కపెట్టి ఇచ్చింది,
నోట్లన్నీ చేపల వాసన.
పది అడుగులు నడిచి, వెనక్కొచ్చి,
కుడిదాని పట్టీ ఒరుసుకుంటోందని దెబ్బలాడి, సరిచేయించుకుని వెళ్ళింది.

ఖాతాలో నష్టం ఐదు రాశాను.
నష్టం మాట కొట్టేయమన్నాడు. కొట్టేయలేదు.

ఈ సంతరోజు ఎర్రమ్మ తోడుగా
మరిద్దరొచ్చారు, చీరలు నేలకి జీరాడిస్తూ.
అయ్య అప్పటికే పేపరు పరుస్తున్నాడు.
నేను గుడ్డసంచి బోర్లించాను:
కత్తిరింపుల్లో మిగిలిన తోలుముక్కలు,
ఎవరి లెక్కలోనూ లేనివి.
ఆరు రూపాయల రింగు తగిలించి అక్షరం కొడితే
కాలేజీ పిల్లలు నలభై ఇస్తారు.
రాత్రికి ఇంకో డజను తాళంగొలుసులు కుట్టాలి.